మా బావ చూసిన మాల్టా

మా బావ ముత్యాల వ్యాపారి. మొఘల్‌పురాలో ఆయనంత గప్పాలు కొట్టేవాడు ఇంకొకడు లేడు. యుద్ధం రాకముందు ఒకసారి ముత్యాలు అమ్ముకోవడానికి లండన్ వెళ్తూ, ఇంగ్లీషు మాట్లాడటానికి నన్ను వెంట తీసుకుపోయాడు. దారిలో మా ఓడ మాల్టా ద్వీపం దగ్గర ఒక పగలంతా ఆగింది.

"దిగి చూద్దాం బావా," అన్నాను.

"ఏముంటది ఆడ? రాళ్లే కద. మన గోల్కొండల లేవా?" అని పడక్కుర్చీలో కాళ్లు చాపి గురక పెట్టాడు.

నేనొక్కణ్ణే దిగాను. తేనెరంగు రాతి ఇళ్ల మధ్య మెట్ల వీధులన్నీ తిరిగాను. ఒక గడప మీద ముసలమ్మ దారపు కండెలు టకటకలాడిస్తూ లేసు అల్లుతోంది. భాష తెలియకపోయినా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, టమాటా రుద్దిన రొట్టె పెట్టింది. ఓడకు తిరిగొచ్చి, ఆ సంబరంలో అంతా బావకు చెప్పాను.

ఇల్లు చేరాక, అరుగు మీద దోస్తులకు ఆయన ఆ ముసలమ్మ కథే చెప్పసాగాడు. మెట్లెక్కింది ఆయనట, రొట్టె తిన్నదీ ఆయనేనట. పైగా ఆమెకు ఒక ముత్యం బహుమానమిచ్చాడట! పిల్లికి బిచ్చం పెట్టని మనిషి.

"బావా, నువ్వు ఓడే దిగలేదు కద!" అన్నాను అందరి ముందు.

ఆయనకు సిగ్గు లేశమైనా కలగలేదు. "దిగకుంటేంది? పైనుంచే మస్తు కనబడ్డది," అన్నాడు.

దోస్తులు నా మీదే విసుక్కున్నారు. "నువ్వు ఊకో తమ్మీ! చెప్పు సేటూ, ముత్యం జూసి ముసల్ది ఏమన్నది?"

అబద్ధమాడిన బావకన్నా వాళ్లే నాకు హీనంగా కనిపించారు. లేచి లోపలికి పోయాను.