గోలీ పంపిన కబురు

ఆస్ట్రేలియాలో ఐస్ హాకీ ఆడతారంటే మావాళ్ళెవరూ ఓ పట్టాన నమ్మరు. ఆ ఎండల్లో మంచెక్కడిదీ అంటారు. ఉంది. మెల్‌బోర్న్‌లో ఓ పెద్ద రేకుల షెడ్డు కింద, యంత్రాలు గడ్డకట్టించిన మంచు మీద, చలికాలమంతా ఆడతారు. ఎండాకాలం ఆట ఉండదు. ఆట లేని ఆ నెలల్లోనే నాకు చేతినిండా పని. వచ్చే సీజన్‌కి జట్టులో ఎవరుంటారు, ఎవరు పోతారు, కొత్తగా ఎవరొస్తారు, ఎవరితో ఏమని ఒప్పందం రాసుకోవాలి, ఇవన్నీ చూసేది నేను. పగలు ఓ కూరగాయల హోల్‌సేల్ కంపెనీలో అకౌంట్స్ చేస్తాను. సాయంత్రాలూ శనాదివారాలూ క్లబ్బువి.

ఈ పని నేను అడిగి తెచ్చుకోలేదు. మా అమ్మాయి స్కేటింగ్ నేర్చుకుంటానంటే ఆ మంచు రింకుకి తీసుకెళ్ళేదాన్ని. ఓ రోజు అక్కడ ఇద్దరు కెనడా ఆటగాళ్ళు సూట్‌కేసులతో నిలబడి వాదించుకుంటున్నారు. క్లబ్బువాళ్ళు ఒకే పడగ్గదిని ఇద్దరి ఒప్పందాల్లోనూ రాసిచ్చారు. నాకు ఒళ్ళు మండింది. ఒప్పందమంటే చదివి రాయాలిగదా అని క్లబ్బు ప్రెసిడెంటుని అందరి ముందూ కడిగేశాను. ఆయన ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు, నిదానస్తుడు. "యూ డూ ఇట్ దెన్, మేట్" అన్నాడు. నోరున్న పాపానికి పని వచ్చి నెత్తిన పడింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళేదాకా కారులో నవ్వుకుంటూనే ఉన్నాను.

మా ఆయన నాకు పెళ్ళిళ్ళ పేరమ్మ అని బిరుదిచ్చాడు. అందులో అబద్ధమేమీ లేదు. తెనాలి దగ్గర మా పెద్దమ్మ సంబంధాలు కుదిర్చేది. డబ్బు కోసం కాదు, సరదాకి. సెలవులన్నీ నేను ఆవిడ ముందుగదిలోనే గడిపాను. అబ్బాయి తరఫువాళ్ళు ఏమన్నారు, అమ్మాయి తరఫువాళ్ళు ఏమి దాచారు అన్నవి వింటూ పెరిగినదాన్ని. ఇక్కడ జరిగేదీ అదే. ఒక డిఫెండరు ఏటా రిటైరయ్యానని చెబుతాడు, వాళ్ళావిడకి ఫోన్ చేస్తే నాలుగు రోజుల్లో మనసు మార్చుకుంటాడు. ఒక ఫార్వర్డుకి నర్సు ఉద్యోగం, శనివారాలు డ్యూటీ పడకుండా ఆస్పత్రిలో ఎవరితో మార్చుకోవాలో కూడా నేనే చెబుతాను. కెనడా నుంచి ఒకతను కుక్కని తెచ్చుకోవచ్చా అని అడుగుతాడు. విమానం టికెట్టు, ఉండటానికి గది, ఇద్దరికో కారు, వారానికింత ఖర్చులకి, ఇంతే మేం ఇవ్వగలిగింది. అయినా వస్తారు. ఆట మీద ప్రేమ అలాంటిది.

విదేశీ ఆటగాళ్ళకి ప్రతి జట్టులోనూ కొన్ని చోట్లే ఉంటాయి. అందులో ఒకటి గోల్‌కీపర్‌కి తప్పదు. ఆటలో గోల్‌కీపర్‌ని గోలీ అంటారు. మా పెద్దమ్మకి గోలీ అంటే సోడాబుడ్డిలోదే. ఎండాకాలం ఎప్పుడు ఫోన్ చేసినా "ఏమ్మాయ్, మీ గోలీ దొరికిందా?" అని అడుగుతుంది. పోగొట్టుకున్న దాన్ని మంచం కింద వెతుకుతున్నానన్నట్టు.

మా గోలీ ఫిన్లాండు కుర్రాడు. తలుపు దగ్గర వంగి లోపలికి రావాలి, అంత పొడుగు. మాట మాత్రం పొదుపు. జట్టులో అందరిలాగే నన్ను ఆంటీ అనేవాడు. ఆదివారాలు ఊరి శివార్లో, క్రెయిగీబర్న్‌లో మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. మొదటిసారి గోంగూర పచ్చడి తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఏమీ అనకుండా మళ్ళీ వడ్డించుకున్నాడు. అప్పుడే నాకు నచ్చేశాడు. ఆ ఏడాది మేం ఫైనల్ దాకా వెళ్ళామంటే అతని చలవే.

సీజన్ అయ్యాక క్లబ్బులో బార్బీ పెట్టారు, అదే, ఆరుబయట మాంసం కాల్చుకు తినే విందు. ప్రెసిడెంటు చేతిలో పటకారుతోనే నా దగ్గరికొచ్చి, ఆ గోలీ మళ్ళీ రాకపోతే ఆటగాళ్ళ ఒప్పందాల పని ఒక ఏజెంటుకి అప్పజెబుదామని కమిటీలో కొందరంటున్నారు అని చెప్పాడు. మొహమాటపడుతూనే చెప్పాడు. నేనీ పనిని ఎంత ఇష్టంగా చేస్తున్నానో నాకు అప్పటిదాకా తెలియదు.

గోలీని ఎయిర్‌పోర్టులో దింపింది నేనే. వాళ్ళమ్మకని గోంగూర పచ్చడి సీసా కట్టిచ్చాను. లోపలికెళ్ళే ముందు "వచ్చే ఏడాది వస్తావుగా?" అని అడిగాను. అతను కాసేపు నేలకేసి చూశాడు. తర్వాత తన నిదానపు ఇంగ్లీషులో అన్నాడు, "ఇంటికెళ్ళి అమ్మతో మాట్లాడి మీకు కబురు చేస్తాను."

నా ప్రాణం ఉసూరుమంది.

ఎందుకో తెలుగువాళ్ళకి చెప్పనక్కర్లేదు. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు వద్దు అన్న మాట నోటితో అనరు. "ఇంటికెళ్ళి పెద్దవాళ్ళతో మాట్లాడి కబురు చేస్తాం" అంటారు. ఆ మాట చెవిన పడగానే మా పెద్దమ్మ, వాళ్ళింకా చెప్పుల్లో కాళ్ళు పెట్టకముందే, పళ్ళెంలో మిగిలిన మైసూర్‌పాక్ డబ్బాలోకి సర్దేసేది. ఆవిడ లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఆ కబురు ఏ ఇంటికీ రాగా నేను చూడలేదు.

ఇంటికొచ్చి సంగతి చెబితే మా ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆయనది కరీంనగర్.

"గట్లన్నడంటే ఇగ రాడన్నట్టే. మా దిక్కు గూడ గంతే."

మా అమ్మాయి ఫోన్ లోంచి తలెత్తింది. "అమ్మా, మే బీ హీ జస్ట్ మెంట్ ఇట్."

"నీకు తెలీదులే" అన్నాం ఇద్దరం ఒకేసారి. మేం కలిసి ఒక మాట మీద నిలబడటం అరుదు.

అక్టోబరు పోయింది, నవంబరు పోయింది. అతని నుంచి ఉలుకూ పలుకూ లేదు. నేను అడగనూ లేదు. కాదన్నవాళ్ళ గడప మళ్ళీ తొక్కడమేమిటి, మనకీ పరువుంది గదా. మిగతా జట్టంతా ఒక్కొక్కరే కుదిరారు. కుక్క కూడా వస్తానంది. గోలీ చోటొక్కటే ఖాళీ. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని, బయట గడ్డి ఎండి గలగలమంటుంటే, ఎక్కడెక్కడివో గోలీల వీడియోలు చూశాను.

జనవరిలో ఒక కెనడా కుర్రాడు నచ్చాడు. పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళే ముందు వీడియోలో మాట్లాడాను. వాళ్ళ వంటింటి కిటికీలోంచి మంచు కనిపిస్తోంది. మర్యాదస్తుడు, వస్తానని ఉబలాటపడుతున్నాడు. అన్నీ అడిగాడు, అన్నీ చెప్పాను. చివరికి నా నోట ఇంగ్లీషులో ఊడిపడిన మాట ఇది: "మా కమిటీతో మాట్లాడి నీకు కబురు చేస్తాను." అచ్చం మా పెద్దమ్మ ముందుగది మాట. అతను సంతోషంగా తలూపి, ఎదురుచూస్తానన్నాడు.

కమిటీ సరేనంది. ఒప్పందం రాయించాను. శుక్రవారం పంపాలి. గురువారం సాయంత్రం పప్పుకి పోపు పెడుతుంటే ఫోన్ మోగింది. ఫిన్లాండు నుంచి మెసేజీ.

"ఆంటీ, అమ్మ సరేనంది. ఆమె మోకాలికి ఆపరేషనయింది. లేచి నడిచేదాకా అడగడం బాగోదని ఆగాను. ఇప్పుడు నడుస్తోంది. ఆమెకి మీతో మాట్లాడాలని ఉంది."

పోపు మాడింది. మా అమ్మాయి వచ్చి మెసేజీ చదివి, "ఐ టోల్డ్ యూ" అని మూడు ముక్కలతో సరిపెట్టింది. తల్లి కడుపు చూస్తుందంటారు గానీ, తల్లిని ఆడిపోసుకోవడానికి పిల్లలు కూడా అంతే శ్రద్ధగా సందు చూస్తూ ఉంటారు.

అప్పుడే వీడియో కాల్ చేశాను. వాళ్ళకది ఉదయం. తెల్లజుట్టు ఆవిడ చేతికర్ర గోడకి ఆనించి, కొడుకు పక్కన నిటారుగా కూర్చుంది. ఇంగ్లీషు రాదు. ఆవిడ అడుగుతుంది, అతను చెబుతాడు, నేను జవాబిస్తాను. గదిలో వెచ్చగా ఉంటుందా? మంచం ఇతని కాళ్ళకి సరిపోతుందా? ఆదివారాలు ఇంకా మీ ఇంట్లోనే తింటాడా? అలిగితే ఎవరు మాట్లాడతారు? అన్నిటికీ చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా జవాబు చెప్పాను. నా పెళ్ళిచూపుల్లో కూడా అంత అణకువగా కూర్చోలేదని మా ఆయన వెనకనుంచి సన్నగా అన్నాడు. చివరికి ఆవిడ ఖాళీ పచ్చడి సీసా ఎత్తి చూపించింది. ఉడికించిన బంగాళాదుంపల్లో నంజుకుని తిన్నారట. తర్వాత "యో" అంది. వాళ్ళ భాషలో అవునని. ఆ ఒక్క మాటకి నాకు కళ్ళు చెమర్చాయి. సంతోషం పట్టలేక ఫోన్ పెట్టేశాక మా ఆయన్ని వాటేసుకున్నాను.

మరి కెనడా కుర్రాడు? ఉన్నది ఒక్క చోటు.

"ఏం జెప్పకు. ఊకుంటే ఆయనే సమజ్ చేసుకుంటడు" అన్నాడు మా ఆయన.

మామూలుగా అయితే నేనూ అదే చేసేదాన్ని. మనవాళ్ళు తరతరాలుగా అలాగే చేస్తున్నారు, ఎవరూ చచ్చిపోలేదు. కానీ కర్ర పట్టుకు నడిచొచ్చి మరీ జవాబు చెప్పిన ఆ పెద్దావిడ కళ్ళముందు మెదిలింది. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాను. నీకు ఈ ఏడాది మా జట్టులో చోటు లేదు, మా పాత గోలీ వస్తున్నాడు, అని చెప్పాను. ఇన్నేళ్ళ జీవితంలో ఎవరి మొహానైనా నేరుగా కాదు అని చెప్పడం నాకదే మొదటిసారి.

అతను గట్టిగా ఊపిరి వదిలాడు.

"చెప్పి మంచిపని చేశారు. ఇంకో ఊరి జట్టువాళ్ళు నన్నడిగారు. ఈ రాత్రితో వాళ్ళ గడువైపోతుంది. మీరు కబురు చేస్తానన్నారు గదా, అందుకని ఆగాను."

నేను మర్యాదగా ఊరుకుని ఉంటే, నా మాట పట్టుకుని ఈ పిల్లాడు రెంటికీ చెడ్డ రేవడయ్యేవాడు. వెంటనే వాళ్ళకి ఫోన్ చెయ్యి అని కసిరినట్టే చెప్పాను. చేశాడు. కుదిరాడు. ఏప్రిల్లో మా మీద ఆడిన మొదటి మ్యాచ్‌లోనే మావాళ్ళు కొట్టిందల్లా ఆపి మమ్మల్ని ఓడించాడు. ఆట అయ్యాక స్టాండ్స్‌లో ఉన్న నాకేసి హాకీ కర్ర ఎత్తి ఊపాడు. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ప్రెసిడెంటు నన్ను అదోలా చూశాడు.

అయినా ఆయనేమీ అనలేదు. ఏజెంటు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మా గోలీ మా గోల్ ముందే ఉన్నాడు. ఆదివారాలు గోంగూర ఉంది. అతని మంచానికి కాళ్ళ దగ్గర ప్రెసిడెంటు స్వయంగా బల్ల చెక్క అతికించి పొడుగు చేశాడు, అది ఒప్పందంలో కూడా రాయించాను.

మొన్న సెప్టెంబరులో సీజన్ ముగిసింది. మళ్ళీ ఎయిర్‌పోర్టు, మళ్ళీ పచ్చడి సీసా, ఈసారి రెండు. "వచ్చే ఏడాది వస్తావుగా?" అని అడిగాను. అతను కాసేపు నేలకేసి చూసి, మా అమ్మాయి నేర్పిన తెలుగులో, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అన్నాడు.

"ఇంటికెళ్ళి అమ్మతో మాట్లాడి కబురు చేస్తాను, ఆంటీ."

ఇంటికొచ్చి మైసూర్‌పాక్ డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టాను. మా ఆయనా అమ్మాయీ ఎందుకని అడగకుండానే చెరో ముక్కా తీసుకున్నారు. అంతలో తెనాలి నుంచి ఫోన్.

"ఏమ్మాయ్, గోలీ సంగతేమైంది?"

"ఇంటికెళ్ళి కబురు చేస్తానన్నాడు పెద్దమ్మా."

"అయ్యో" అంది పెద్దమ్మ, ఎంతో జాలిగా. "పోన్లే అమ్మా, దిగులు పడమాక. ఇంకో గోలీని చూసుకుందాంలే."

నోటి నిండా మైసూర్‌పాక్ ఉండి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఏడుస్తున్నాననుకుని పెద్దమ్మ ఓదారుస్తూనే ఉంది.