ఒకే చెట్టు టెంకలు

ఇవాళ మామిడికాయ తొడిమ తుంచగానే సొన చివ్వున చిమ్మి మణికట్టు మీద పడింది. ఆ ఘాటు వాసనతో చాట్రాయి దారిలోని మా తోట, అరవైల నాటి వేసవులు, వరిగడ్డిలో మగ్గే రసాలు, వాకిట్లో ఆవకాయ ముక్కలు కొట్టే కత్తి చప్పుడు, కారం కలిపిన బేసిను అడుగున వేడన్నం వేసి నాయనమ్మ అందరి అరచేతుల్లో పెట్టే ఎర్రటి ముద్దలు, అన్నీ కళ్లముందుకొచ్చాయి.

ఒక ఏడు ఆ ముద్దలు పెట్టనే లేదు. అన్నదమ్ముల వాటాల మధ్య గట్టు మీది చెట్టు కాయలు ఎవరు కోయించారన్న మాట పెరిగి, నాన్న తమ్ముడు, మా బాబాయి, ముక్కలు కొట్టే కత్తితో నాన్న భుజం నరికాడు. నెత్తురు మామిడి ముక్కల మీద చిమ్మింది. మరుక్షణం కత్తి పారేసి తనే నాన్నను ఎత్తి కాయల లారీ ఎక్కించాడు. హనుమాన్ జంక్షన్ చేరేసరికి నేను గాయానికి అదిమిన తువ్వాలు పిండితే కారుతోంది.

"ఒకే కడుపున పుట్టామండీ! నా ఒంట్లోది మొత్తం తోడెయ్యండి" అని బెజవాడ ఆసుపత్రిలో బాబాయి చెయ్యి చాపాడు. గాజుపలక మీద ఇద్దరి రక్తపు చుక్కలూ కలిపితే విరిగిన పాలలా గడ్డలు కట్టాయి.

"నీది ఎక్కిస్తే చస్తాడయ్యా" అన్నారు డాక్టరుగారు.

లారీ డ్రైవరు రక్తం సరిపోయింది. నాన్న బతికాడు.

బాబాయి ఊళ్లోకి రాగానే నాయనమ్మను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చాడు. "చెప్పవే, మా ఇద్దర్లో ఎవడు మా నాన్నకి పుట్టలేదు?" ఆమె విదిలించుకోబోతే కుడి మణికట్టు విరిచేశాడు. ఊరంతా చూసింది, ఎవరూ అడ్డం రాలేదు. ఊరికీ అదే అనుమానం.

బడి మాన్పించిన పిల్లనైనా, నూజివీడు లైబ్రరీలో ఆ చలికాలమంతా వెతికి సంగతి పట్టుకున్నాను. ఎర్రకణాల మీద ఏ, బీ అనే గుర్తులుంటాయట, యాంటిజెన్లు. కొందరికి ఒకటి, కొందరికి రెండూ, కొందరికి ఏదీ ఉండదు. తనకు లేని గుర్తు లోపలికొస్తే ఒళ్లు శత్రువనుకుని విరుచుకుపడుతుంది. తల్లి నుంచి ఒక వాటా, తండ్రి నుంచి ఒక వాటా వస్తాయి కనుక తోడబుట్టినవాళ్ల గ్రూపులు వేరు కావచ్చు. చదివి వినిపిస్తే బాబాయి నమ్మలేదు.

"ఒకే రసం చెట్టు టెంకలు రెండు పాతితే, రెండూ ఒకే కాయ కాస్తాయా బాబాయ్?" అన్నాను.

టెంక పాతితే తల్లిచెట్టు కాయే కాస్తుందన్న నమ్మకం లేకనే కొమ్మకు అంట్లు కట్టేది. జీవితమంతా అంట్లు కట్టిన మనిషి తల దించుకున్నాడు.

మరుసటి వేసవి బేసిను ముందు బాబాయి అరచెయ్యి చాపి కూర్చున్నాడు. నాయనమ్మ వంకర చేత్తోనే ముద్ద చేసి, ఆగింది.

"పుస్తకం చెప్తేగానీ నీకు అమ్మని కాలేదంట్రా?"

ఆ ముద్ద నా చేతిలో పెట్టింది. నేను గర్వంగా మోసుకొచ్చిన చదువు ఆ మాట ముందు ఎందుకూ కొరగాలేదు.

ఇప్పుడు ఆ తోట లేదు, గట్టూ లేదు. మనవలు జేబుల్లో పెట్టుకున్న కార్డుల మీద రక్తం గ్రూపులు అచ్చేసి ఉన్నాయి. వాటిని చూసి ఎవరూ తల్లిని నిలదీయరు. బేసిను అడుగున అన్నం కలుపుతున్నాను. సొన పడ్డ మణికట్టు ఇంకా మండుతూనే ఉంది.