అరవై ఒకటో పళ్ళెం

బళ్ళో పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు గరిటమ్మ. ఇరవై రెండేళ్ళుగా ఆ బడి వంటగదిలో రోజూ నాలుగొందల మందికి వండి, గరిట పట్టుకుని వరసలో నడుస్తూ, ప్రతి పళ్ళెం దగ్గరా ఆగి "ఇంకొంచెం వెయ్యనా?" అని అడిగే మనిషికి ఇంకే పేరు నప్పుతుంది? అసలు పేరు జీతాల రిజిస్టర్లో ఉంది. దాన్ని అక్కడే హాయిగా నిద్రపోనిద్దాం.

వడ్డన ముగిసి, అండాలు కడిగి బోర్లించాక, అడుగున మిగిలింది గిన్నెలో వేసుకుని కిటికీ దగ్గర కూర్చోవడం ఆవిడ అలవాటు. తినేది నాలుగు ముద్దలు, కలలు కనేది గంటసేపు. ఈ ఏడు ఆ కలలన్నీ కూతురి పెళ్ళి భోజనం చుట్టూనే తిరిగాయి.

కూతురు దర్జీ దుకాణంలో కుడుతుంది. పెళ్ళికొడుకు ఆ వీధికి ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మాన్. ఉత్తరాలు లేని రోజుల్లో కూడా అతను దుకాణం ముందు సైకిల్ ఆపుతుంటే సంగతేమిటో ఊరంతటికీ అర్థమైంది. ఆకులు రాలే కాలంలో పెళ్ళి పెట్టుకున్నారు. బడి వెనక చెట్ల కింద బల్లలు వేసుకోమని పెద్ద పంతులమ్మ మాటిచ్చింది. గరిటమ్మ దాచుకున్న డబ్బు సరుకులకి సరిపోతుంది గానీ వంటమనిషికి సరిపోదు. "వంటమనిషెందుకు? నేనేమన్నా చచ్చానా?" అందావిడ. దాంతో ఆ మాట అక్కడితో తేలిపోయింది.

కిటికీ బయట పండిన ఆకులు తొందరేమీ లేకుండా ఒక్కొక్కటే దిగుతుంటే, వాటి కింద ఆవిడకి పొడుగాటి బల్ల కనిపించేది. బల్ల మీద గుమ్మడికాయ సూపు పొగలు కక్కుతుండేది. ఆ రోజుల్లో గుమ్మడికాయలంత చవక మరొకటి లేదు. పక్కన రొట్టెలు, పచ్చిబఠాణీలు వేసిన అన్నం. చివర్లో ఆవిడ చేతి ఆపిల్ బజ్జీలు. ఆపిల్ చక్రాలు పిండిలో ముంచి, నూనెలోంచి తీసి, పంచదార జల్లి, అలాగే పళ్ళెంలో వేసెయ్యాలి. కాస్త ఆలస్యమైతే మెత్తబడిపోతాయి. వాటికోసం పిల్లలు చెవి కోసుకుంటారు. కలలో వియ్యంపురాలు ఒకటి కొరికి కళ్ళు మూసుకునేది. కూతురి జుట్టు మీద ఓ ఆకు వాలేది. పోస్ట్‌మాన్ దాన్ని తియ్యబోయి, ముచ్చటేసి అలాగే ఉంచేసేవాడు. ఈలోగా గరిటమ్మ గిన్నెలో అన్నం చల్లారిపోయేది.

ఓ ఆదివారం పొద్దున, పాత క్యాలెండర్ కాగితం వెనక రాసిన వంటకాల, అతిథుల జాబితాని ఆవిడ చదివి వినిపించింది. వినేవాళ్ళు ఇద్దరే. అంచు కుడుతున్న కూతురు ఒకరు, టీ కోసం వచ్చిన తమ్ముడు ఇంకొకరు. ఆ తమ్ముడు బస్సులు బాగుచేసే మెకానిక్.

"బజ్జీలున్నాయి గదా, ఇంక పెళ్ళి అయిపోయినట్టే!" అన్నాడు తమ్ముడు.

కూతురు కాగితం అందుకుని, సూదితో ఒక్కో పేరూ చూపిస్తూ చదివింది. "అరవై పళ్ళాలు. అందరూ ఉన్నారు. నీ పేరేదే అమ్మా?"

"వండేదాన్ని ఎవరైనా లెక్కలో వేస్తారటే? బళ్ళో ఎప్పుడూ అంతేగా."

"ఇది బడి కాదు. ఆ బజ్జీలు వడ్డించేటప్పుడు నువ్వెక్కడుంటావు?"

"పొయ్యి దగ్గర. నీకు వేడివేడిగా రావద్దూ?"

"నా పక్కన ఎవరుంటారు?"

గరిటమ్మ కళ్ళు మూసుకుని ఆ కలలోకి వెళ్ళింది. ఒక పక్క పోస్ట్‌మాన్ ఉన్నాడు. రెండో పక్క కుర్చీ ఖాళీ. అన్ని మధ్యాహ్నాలు చూసిన కలలో ఆ కుర్చీకేసి ఒక్కసారీ చూడలేదు. అరవై మందినీ చూసింది, ఆకుని కూడా చూసింది, తను మాత్రం ఎక్కడా లేదు.

"నాన్న పోయాక నువ్వు ఒక్కపూటన్నా నా పక్కన కూర్చుని తిన్నావా?" అంది కూతురు. "నేను తింటుంటే నిలబడి చూస్తావు. ఆ రోజు కూడా అంతేనా? నాకు బజ్జీలొద్దు. నువ్వు కావాలి."

గరిటమ్మకి పోనీ అని ఒప్పుకుందామంటే మనసొప్పదు. ఆవిడకి పేరంటూ తెచ్చింది ఆ బజ్జీలే. అవి లేకపోతే వియ్యాలవారి ముందు తల ఎలా ఎత్తుకోవాలి? రెండు రోజులు ఆ కాగితం ముట్టుకోలేదు. మూడోరోజు, ముందే చేసిపెట్టుకునేదేదైనా కుదురుతుందేమోనని ఆపిల్ ముక్కల్ని సన్నసెగ మీద పాకంలో మగ్గబెట్టి, మర్నాడు రుచి చూసింది. బాగానే ఉన్నాయి. బజ్జీలంత బాగా లేవు. పెన్సిల్ తీసి బజ్జీల్ని కొట్టేసింది. కొట్టేస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎందుకో ఆవిడకే సరిగ్గా తెలియదు. అరవైకి ఒకటి కలిపింది.

పెళ్ళిరోజు ఆకులు రాలాయి గానీ, కలలో అనుకున్న చోట కాదు. మొదటిది తమ్ముడి బట్టతల మీద వాలింది. సన్నసెగ మీద పెట్టిన అండాలు, గరిట ఆ రోజు అతని చేతికే అప్పగించారు. గరిటమ్మ కూతురి పక్కన కూర్చుంది. రెండుసార్లు లేవబోతే, రెండుసార్లూ కూతురు మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఆపిల్ బజ్జీలు చేస్తారని విన్నానే వదినగారూ!" అంది వియ్యంపురాలు.

"ఇవాళ నేను వంటకి రాలేదు వదినగారూ, పెళ్ళికొచ్చాను."

వియ్యంపురాలు ఆవిడ చెయ్యి మీద చెయ్యి వేసింది.

తమ్ముడు వరసలో నడుచుకుంటూ వచ్చి అరవై ఒకటో పళ్ళెం దగ్గర ఆగాడు. "అక్కా, ఇంకొంచెం వెయ్యనా?"

ఆ ప్రశ్న ఆవిడ ఎన్ని వేలసార్లు అడిగిందో లెక్కలేదు. ఇంతవరకూ ఎవరూ ఆవిణ్ణి అడగలేదు. ఒకటో తరగతి పిల్లల్లా రెండు చేతులా పళ్ళెం ఎత్తి పట్టుకుంది. వేసిన అన్నం వేడిగా ఉంది.