చిట్టి, నాయనమ్మ, అడకత్తెర

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకంటే పన్నెండు కిలోలు ఎక్కువ తూగే కుక్క ఉండేది. ఇది ఉజ్జాయింపు మాట కాదు. నడిగూడెం దగ్గరి మా ఊళ్లో, మా వాకిట్లోనే మిరపకాయలు తూచే కాంటా ఉండేది. మా నాన్న కుక్కను ఎత్తుకుని ఒకసారి, ఒక్కడే ఒకసారి కాంటా ఎక్కాడు. తీసివేత నేను చేశాను. కుక్క నలభై ఒకటి, నేను ఇరవై తొమ్మిది. అది పిల్లగా వచ్చిన రోజు నా రెండు అరచేతుల్లో సరిపోయింది కాబట్టి చిట్టి అని పేరు పెట్టాం. పేరు అక్కడే ఆగింది, కుక్క ఆగలేదు.

చిట్టి చెడ్డది కాదు. ఎవరినీ కరిచి ఎరగదు. సంతోషం పట్టలేకపోతే మాత్రం ముందుకాళ్లు రెండూ ఎత్తి మనిషి భుజాల మీద వేసేది. ఒక పొద్దున అలాగే వేసేసరికి మా నాయనమ్మ రొట్టె గిన్నెతో సహా వాకిట్లో కూలబడింది. ఎడమ మణికట్టు బెణికింది. ఆ సాయంత్రమే మా నాన్న తేల్చేశాడు. మిర్యాలగూడలో ఆయనకు తెలిసిన రైస్‌మిల్లు వాళ్లకు కాపలా కుక్క కావాలట. రెండు వారాల్లో మా వడ్ల కోసం లారీ వస్తుంది, అందులోనే చిట్టిని పంపేస్తానన్నాడు.

ఆ మిల్లు నేను చూశాను. రెండు షెడ్ల మధ్య ఒక ఇనుప రాట, దానికి ఐదడుగుల గొలుసు. ఐదడుగుల గొలుసుకు ఎంత చోటు దక్కుతుందో లెక్క కట్టడం అప్పటికి నాకు రాదు. మా వాకిలిలో మూలకు కూడా సరిపోదని మాత్రం తెలుసు. ఏడుపు లంకించుకున్నాను.

“ఏడిస్తే కుక్క మారుతదా బిడ్డా?” అన్నాడు నాన్న. “లారీ వచ్చేలోపట అది మీ నాయనమ్మ మీద పడకుంట నేర్పు. ఉంచుకుందం.” నాకు చేతకాదన్న ధీమాతోనే ఆ మాట అన్నాడు.

మొదటి మూడు రోజులూ ఆయన ధీమాయే నెగ్గింది. ఒక సాయంత్రం ‘చిట్టీ కూర్చో’ అని ఎనభై ఆరు సార్లు అన్నాను. అది నాలుగుసార్లు కూర్చుంది. కూర్చున్నప్పుడల్లా వంటింట్లోకి పరుగెత్తి రొట్టెముక్క తెచ్చేదాన్ని. వచ్చేసరికి అది లేచి, ఎగిరి నా మీద కాళ్లు వేసేది. ఇస్తానన్నాను కదా అని ముక్క ఇచ్చేసేదాన్ని.

మా మిరపచేనులో కలుపు తీయడానికి పక్క తండా నుంచి ఒక అక్క వచ్చేది. ఇంట్లో లంబాడీ, మాతో తెలుగు మాట్లాడేది. వాళ్లకు మేకలుండేవి, మేకలకు కాపలాగా మూడు కుక్కలుండేవి. ఆ కుక్కలను ఆమె పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. ఆమె ఆగితే అవే ఆగి ఆమె ముఖంలోకి చూసేవి. నాలుగో రోజు ఆదివారం. మధ్యాహ్నం మా వాకిట్లో సద్ది విప్పుకుని తింటూ ఆమె నా అవస్థ అంతా చూసింది.

“పిలిసి పిలిసి దాని పేరు అరగ్గొట్టినవ్ గద బిడ్డా” అని నవ్వింది. “జర దాన్ని ఇడిసిపెట్టు. ఇటు రా, మనిద్దరం ఆడుకుందం.”

ఆట ఏమిటంటే, ఆమె మనసులో ఒక పని అనుకుంటుంది, పైకి చెప్పదు. నేనే వెతుక్కోవాలి. దారిలో పడితే నాలుకతో ‘టక్’ అంటుంది. టక్ అన్నప్పుడల్లా నాకో పల్లీ. మొదటి ఆట తొందరగా తేలింది. బోరింగు వైపు తిరిగితే టక్, వేసిన ప్రతి అడుగుకూ టక్, పిడి పట్టుకుంటే టక్. తొమ్మిది పల్లీలు.

రెండో ఆటలో నా బుర్ర తిరిగిపోయింది. గోడ ముట్టుకున్నా, పశువుల తొట్టి ముట్టుకున్నా చప్పుడు లేదు. ఏమీ తోచక తల గోక్కున్నాను. టక్ మంది! ఓహో, ఇదన్నమాట అనుకుని మళ్లీ గోక్కున్నాను. చప్పుడు లేదు. తొట్టి తాకి, ఆలోచిస్తూ ఒక కాలు ఎత్తాను. టక్! కాసేపటికి నేను తొట్టి పక్కన ఒంటికాలి మీద నిలబడి, రెండు చేతులతో తల గోక్కుంటూ, ఆటంతా నాకు అర్థమైపోయిందన్న నమ్మకంతో ఉన్నాను. అక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

“కొంగలెక్క గట్ల నిలబడ్డవేందే?”

“నువ్వే కదా టక్ అన్నవ్!”

“నేను అనుకున్నది తొట్టి ముట్టుకునుడు. నువ్వు శానాసార్లు ముట్టుకున్నవ్. నేనే కావాలని జర ఆగి అన్న.” నవ్వు ఆపుకుని అడిగింది: “మరి చిట్టి నీ మీదికెందుకు ఎగురుతున్నది?”

నేను కాలు దించాను. కూర్చున్నందుకు ముక్క ఇస్తున్నాననుకున్నాను. నేను ముక్క తెచ్చేసరికి చిట్టి ఎగురుతోంది. కాబట్టి ఎగిరినందుకే ఇస్తున్నాను. మూడు రోజులు కష్టపడి, దానికి ముందే వచ్చిన పనిని ఇంకా బాగా నేర్పాను.

లెక్క అక్కడితో ఆగలేదు. ఆ రోజూ మర్నాడూ కిటికీలోంచి నాయనమ్మను గమనించాను. చెయ్యి బెణికినా ఆమె చిట్టికి రొట్టె పెట్టడం మానలేదు. ఆరుసార్లు గిన్నెతో బయటికి వచ్చింది. ఆరుసార్లూ అది ఎగిరింది, ఆరుసార్లూ ఆమె కెవ్వుమని రొట్టె వదిలేసింది. ఆరుకు ఆరు! బడిలో నాకెప్పుడూ అన్ని మార్కులు రాలేదు.

ఈ సంగతి నాయనమ్మకు చెప్పే ధైర్యం నాకు లేదు. అక్కే చెప్పింది. “అవ్వా, కుక్కకు ఎగురుడు నేర్పింది నువ్వేనంట!”

“నాకే సదువు రాదు, దానికేం నేర్పిన్నే?” అని గయ్యిమంది నాయనమ్మ. మేమిద్దరం లెక్క విడమరిచి చెప్పాం. చివరికి, “ఆ మిల్లుల దానికి రొట్టె ఎవలు పెడ్తరు?” అని గొణిగి మా దగ్గరికి వచ్చి కూర్చుంది.

ముందుపళ్లు లేని నాయనమ్మకు నాలుకతో టక్ అనడం రాలేదు. తుస్సుమని గాలి పోయేది. అక్కకూ నాకూ నవ్వాగలేదు. నాయనమ్మ మమ్మల్ని కొరకొరా చూసి, నడుముకు దోపుకున్న తిత్తిలోంచి వక్కలు కత్తిరించే అడకత్తెర తీసి ఉత్తినే నొక్కింది. టక్! పడుకున్న చిట్టి చెవులు నిక్కబొడుచుకున్నాయి. మా నాలుకల కంటే అదే నయం.

అక్క చెప్పినట్టే చేశాం. మొదటి రోజు ఏ పనీ చెప్పలేదు. చప్పుడు, వెంటనే ముక్క. తర్వాత చిట్టి తనంతట తాను మా ముఖంలోకి చూసేదాకా పిలవకుండా ఎదురుచూడటం, చూడగానే చప్పుడు. ఆ తర్వాత కూర్చోగానే చప్పుడు. జొన్నరొట్టెను శనగగింజంత ముక్కలు చేసి నడుముకే కట్టుకున్నాం, వంటింటికి పరుగులు లేవు. ఎగిరితే అరవొద్దు, నెట్టొద్దు, రాయిలా నిలబడి అంకెలు లెక్కపెట్టాలి. నాయనమ్మ మొదట్లో రెండు అనేలోపే కెవ్వుమనేది. మూడు రోజులకు ఐదు దాకా వచ్చింది. పూటకు ఇరవై సార్లు చేయించి, ఎన్నిసార్లు ఎగరకుండా కూర్చుందో నోటుబుక్కులో రాసుకున్నాను. మొదట ఏడు, తర్వాత పదమూడు, చివరికి పద్దెనిమిది. మిగిలిన ఆ రెండే నన్ను నిద్రపోనిచ్చేవి కావు.

లారీ ఒక రోజు ముందే వచ్చింది. హారను, కొత్త మనుషులు, బస్తాలు మోసే హమాలీల కేకలు. చిట్టికి ఒళ్లు తెలియడం లేదు, వాకిలంతా పరుగులు. నాన్న చేతిలో గొలుసు పట్టుకుని, “ఏదీ మీ సదువు?” అన్నాడు.

నాయనమ్మ ఒక చేత్తో గిన్నె, బెణికిన చేత్తో అడకత్తెర పట్టుకుని గడప దిగింది. కొట్టం దాకా ఇరవై మూడు అడుగులు. పద్నాలుగో అడుగులో చిట్టి ఆమెను చూసింది. నలభై ఒక్క కిలోలూ ఒకేసారి అటు పరుగెత్తాయి. నా నోట్లోంచి పేరు రాబోతుంటే పక్కనే ఉన్న అక్క నా చెయ్యి గట్టిగా నొక్కింది.

నాయనమ్మ ఆగింది. అరవలేదు, గిన్నె వదల్లేదు. చిట్టి ముందుకాళ్లు జానెడు పైకి లేచాయి. నేను లోపల లెక్కపెడుతున్నాను. ఒకటి, రెండు, మూడు... కాళ్లు కిందికి దిగాయి. అది అటూ ఇటూ చూసింది. ఆరు. ఆమె ముఖంలోకి చూసింది. ఎనిమిది దగ్గర నడుము నేలకు ఆనింది.

టక్.

చప్పుడుకూ కూర్చోవడానికీ మధ్య వెంట్రుక దూరేంత సందు కూడా లేదు.

“కాళ్లు లేపింది గదనే అమ్మా” అన్నాడు నాన్న. “మాట మాటే.”

“లేపింది, దించింది” అంది నాయనమ్మ, చిట్టికి ముక్క పెడుతూ. “లేపుడు ఒక్కటే అవుపడ్డదారా నీకు? దించుడు సూడలే? సిన్నప్పుడు నిన్ను గూడ గిట్లనే సూసుంటే ఏనాడో ఏదో ఒక మిల్లుకు తోలేదాన్ని.”

హమాలీలు బస్తాలు దించి మరీ నవ్వారు. నాన్నకూ నవ్వాగలేదు. గొలుసు తీసుకుపోయి కొట్టంలో మేకుకు తగిలించాడు. లారీ ఒక్క వడ్లతోనే మిర్యాలగూడ వెళ్లింది.

ఆ హడావుడిలో అక్క ఎప్పుడు చేనుకు వెళ్లిపోయిందో నేను చూడలేదు. నేర్పినందుకు ఒక మంచిమాట చెబుదాం, చెబుదాం అనుకుంటూనే నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు చేనుకు వెళ్లాను. ఆమె అన్నం తిని గట్టు మీద కూర్చుని నోరంతా తెరిచి ఆవులిస్తోంది. “అక్కా, నువ్వు శానా మంచిగ నేర్పినవ్” అన్నాను.

“ఇప్పుడా సెప్పేది? ఆవులించినందుకు మెచ్చుకున్నవనుకుంట. ఇగ పొద్దుమూకేదాంక ఆవులిస్తనే ఉంట సూడు” అని పక్కవాళ్లంతా నవ్వేలా అంది. నేనూ నవ్వాను, కానీ చెవులు వేడెక్కాయి.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. కోదాడలో ఇళ్లు కట్టే మేస్త్రీలకు ఇటుకలూ సిమెంటూ ఎంత పడతాయో లెక్క వేసి ఇస్తాను. ఆ లెక్కలు ఎవరూ నేర్పినవి కావు, వేసీ వేసీ వచ్చినవి. సాయంత్రాలు వీధిలో పిల్లలు లెక్కల పుస్తకాలతో వస్తారు. జవాబు తేలేదాకా నేను ఆగను. మూడో వరుసలో పెన్సిలు సరైన వైపు తిరిగిన క్షణంలోనే ‘ఆఁ’ అంటాను. కోడలు పెట్టిన పులుసు బాగుంటే ముద్ద చేతిలో ఉండగానే చెబుతాను. అలవాటుగా వచ్చేసిందని మాత్రం అనలేను. మంచి కనిపించిన పదిసార్లలో నాలుగుసార్లు మొన్నమొన్నటిదాకా మెచ్చుకునే మాట ఆలస్యంగానే నోటికి వచ్చేది. ఈ మధ్య మూడే.