విలియం గారి బల్ల మీద రెండు ప్రాసెసర్లు

కాశీబుగ్గలో కంప్యూటర్ కొనాలంటే ఇప్పుడు బస్టాండు దగ్గర అద్దాల షోరూము ఉంది. లోపల ఏసీ ఉంటుంది. కుర్రాళ్లు ఒకే రంగు చొక్కాలు వేసుకుని నిలబడి ఉంటారు. అయినా కొంతమంది ఆ షోరూము దాటి, సందులోకి తిరిగి, రేకుల కప్పున్న విలియం గారి కొట్టుకి వస్తారు. వాళ్లు వచ్చేది ఆయన బల్ల కోసం.

పొడవాటి పాత బల్ల అది. దాని మీద రెండు కంప్యూటర్లను డబ్బాలో పెట్టకుండా, విప్పేసి, పక్కపక్కన పరుస్తారాయన. ఏది మంచిదో నోటితో చెప్పరు. కొనేవాళ్ల పనినే తెప్పించి, రెండిటి మీదా నడిపి చూపిస్తారు. ఆ పని నడిచినంతసేపూ కొట్టులో ఫ్యాను కట్టేస్తారు. "ఏసీలో తీసిన లెక్కలు మన రేకు కింద పనికిరావు" అంటారు. చెమటలు కారుతున్నా ఎవరూ లేచి వెళ్లరు. బల్ల ఏది చెబితే అది కొనుక్కుని వెళ్తారు. షోరూము వచ్చాక కూడా కొట్టు నడుస్తోందంటే ఆ నమ్మకం ఒక్కటే కారణం. ఆయనకు వేరే పెట్టుబడి లేదు.

విలియం గారిది సంతబొమ్మాళి దగ్గర పల్లె. చిన్నప్పుడు టెక్కలిలో రేడియోలు బాగుచేయడం నేర్చుకున్నారు. రేడియోలు పోయి టీవీలు వచ్చాయి, టీవీలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ప్రతిసారీ కొత్తగా మొదలుపెట్టి నేర్చుకున్నారు. తిత్లీ తుపాను తర్వాత తడిసిపోయిన కంప్యూటర్లన్నీ ఆయన దగ్గరికే వచ్చాయట. వాటిని విప్పి, జీడిగింజలు ఎండబోసినట్టు మేడ మీద ఎండబోశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎంతోమంది పెళ్లి ఫోటోలు అలా బతికాయి. ఆదివారం బాప్టిస్టు చర్చిలో మైకులు చూసుకుంటారు. నా పేరు నిస్సమ్మ, ఇంటర్ మధ్యలో చదువు ఆగాక ఆ కొట్టులో చేరాను. ఫ్యాన్ల దుమ్ము దులపడం, బిల్లులు రాయడం నా పని.

మే నెలలో మందస నుంచి బాబ్జీ వచ్చాడు. పెళ్లి వీడియోలు తీసి, పాటలుగా తనే కూర్చి ఇస్తాడు. పాత కంప్యూటర్ పాట మధ్యలో ఆగిపోతోందట.

"మావా, ఒకడు ఐ ఫైవ్ తీసుకోమంతాడు, ఒకడు రైజెన్ ఫైవ్ తీసుకోమంతాడు. యూట్యూబ్‌లో సూత్తే రెండూ గెలిచేత్తన్నాయి. నువ్వు సెప్పు."

"నానేటి సెప్తాన్రా అల్లుడూ! కొబ్బరికాయ కొట్టకుండా లోపల నీళ్లెన్నో ఎవుడు సెప్పగలడు? నీ పెళ్లి ఒకటి అట్టుకొచ్చీ. రెండిటి మీదా ఏసి సూద్దాం."

"ఏ పెళ్లి తెమ్మంతావు?"

"బరువైంది తే. పూలు, పొగ, ఏడుపులు అన్నీ ఉండాల."

రెండూ మధ్యరకం ప్రాసెసర్లే. ధర కూడా ఇంచుమించు ఒకటే. రైజెన్ మా కొట్టులోనే ఉంది. ఐ ఫైవ్‌నీ దాని బోర్డునీ విశాఖపట్నంలో తెలిసిన వ్యాపారి బస్సు పార్సిల్లో పంపించాడు. వద్దనుకుంటే ఆ సాయంత్రం బస్సుకే తిరిగి వేసేయాలన్నది మాట.

పార్సిల్ వచ్చిన రోజు బాబ్జీతో పాటు వాళ్లమ్మ పైడితల్లి కూడా వచ్చింది. కొత్త వస్తువు ఇంటికి వస్తుంటే పెద్దవాళ్లు ఎవరైనా పక్కన ఉండాలని ఆమె పట్టు. సంచి ఒళ్లో పెట్టుకుని, బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంది.

ముందు రైజెన్ ఎక్కింది. విలియం గారు పెళ్లి పాటను తెర మీద వెనక్కీ ముందుకీ జరిపి చూశారు, ఎక్కడైనా తడబడుతుందా అని. కొన్నిచోట్ల కొంచెం తడబడింది. పైడితల్లి ముందుకు వంగి చూసింది.

"ఓరి బాబ్జీ, ఆ పెళ్లికొడుకు మావ ఇందాకట్నించీ అదే లడ్డూ తింతన్నాడేట్రా?"

"ఒక్కటే తిన్నాడమ్మా. మనమే మళ్లీ మళ్లీ తినిపిత్తన్నాం."

తర్వాత పాట మొత్తం ఫైలుగా తయారవడానికి పెట్టారు. పదకొండు నిమిషాలు పట్టింది. వేడి మరీ ఎక్కలేదు. విలియం గారు తల ఊపి, ర్యామ్‌నూ డిస్క్‌నూ అందులోంచి తీసి పక్క బోర్డులో పెట్టారు. ఐ ఫైవ్‌ను దాని గూట్లో కూర్చోబెట్టి కొక్కెం వేశారు. అంతలో కరెంటు పోయింది. విశాఖపట్నం వ్యాపారి ఫోన్ చేశాడు. సిగ్నల్ కోసం ఆయన గుమ్మంలోకి వెళ్లారు.

"నువ్వు తీసుకుందామనుకున్నది ఏదిరా?" అని పైడితల్లి కొడుకుని అడిగింది.

"నా మనసైతే ఈ ఐ ఫైవ్ మీదే ఉంది. బల్లేటి సెప్తాదో సూడాల."

"దీనికి మెదడంటే ఇదేనా, ఈ ఎండి బిళ్ల?"

"అదే" అని బాబ్జీ టీలు తేవడానికి వెళ్లాడు.

ఆమె సంచిలోంచి చిన్న భరిణె తీసింది. సీసాలో నీళ్లు రెండు చుక్కలు వేసి పసుపు కలిపింది. ఆ వెండి బిళ్ల నడిమధ్యలో దిట్టంగా పసుపు బొట్టు పెట్టి, దాని మీద కుంకుమ అద్దింది. పక్కనున్న రైజెన్ వైపు చూసి, "మనది కానిదానికి ఎందుకులే" అని భరిణె మూసేసింది. కంప్యూటర్ కొన్నవాళ్లు బొట్లు పెట్టడం మా కొట్టులో మామూలే. అందుకని నాకేమీ తోచలేదు. బ్రష్షుతో ఫ్యాను రెక్కలు తుడుచుకుంటూ ఉన్నాను.

విలియం గారు ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకునే వచ్చారు. ప్రాసెసర్ మీద దాన్ని చల్లబరిచే ఫ్యాను బిగించాలి. కొత్త ఫ్యానుకి అడుగున, వేడిని లాగే పేస్టు కంపెనీవాళ్లే పూసి పంపుతారు. పెట్టి, నాలుగు కాళ్లు నొక్కితే అయిపోతుంది. ఎన్ని వందలసార్లు చేసిన పనో! వ్యాపారితో మాట్లాడుతూనే, వీధిలోంచి వచ్చే వెలుతురులో బిగించేశారు.

కరెంటు వచ్చింది. పాట పెట్టారు. పెట్టిన కాసేపటికే ఫ్యాను వరి నూర్చే మిషనులా మోత మొదలుపెట్టింది. తెర మీద వేడి అంకె వంద దగ్గరికి పోయి అక్కడే కూర్చుంది. ఆ వేడికి ప్రాసెసర్ తనంతట తనే నెమ్మదించింది. పాట పూర్తయ్యేసరికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది.

బాబ్జీ టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఇదేటి మావా! దీని గురించి అందరూ అంతలా సెప్పినారు?"

విలియం గారు తెర మీది అంకెను మరోసారి చూశారు. "ఎవులేటి సెప్పినా, బల్ల సెప్పింది ఇదే కదా" అన్నారు.

"అయితే రైజెనే కట్టీ. దీన్ని బస్సుకి ఏసేయ్."

తిరిగి పంపాలి కాబట్టి ఆయన ఫ్యాను కాళ్లు ఊడదీసి దాన్ని పైకెత్తారు. ఎత్తినవారు ఎత్తినట్టే ఆగిపోయారు. బూడిదరంగులో ఉండాల్సిన పేస్టు పచ్చగా, ఎర్రగా కలిసిపోయి ఉంది. మధ్యలో పసుపు గడ్డకట్టి, ఫ్యానును ప్రాసెసర్‌కి ఆననివ్వకుండా ఎత్తి పట్టింది. బాబ్జీ గుమ్మం దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు. విలియం గారు పైడితల్లి వైపు చూశారు, ఆమె ఒళ్లోని భరిణె వైపు చూశారు, నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

ఊరుకుంటే ఊరుకోవచ్చు. తుడిచేసి పార్సిల్ కట్టేస్తే ఎవరికీ తెలియదు. పైగా అమ్ముడయ్యేది తన కొట్టులోని రైజెన్. కాని బల్ల మీద తప్పు లెక్క వచ్చినట్టు తనకు తెలిసిపోయింది. జరిగింది చెబితే, కొడుకు ముందు ఆ తల్లి ఏమవుతుంది?

ఆయన తెల్లగుడ్డను స్పిరిట్‌లో ముంచి మెల్లగా తుడిచారు. గుడ్డ పచ్చబడింది. దాన్ని మడిచి బల్ల చివర పెట్టారు.

"అల్లుడూ, ఇలా రా. ఈ లెక్క తప్పు. పేస్టు సరిగ్గా పడనేదు. తప్పు నాదే. మళ్లీ ఏద్దాం."

బాబ్జీకి నవ్వొచ్చింది. "ఇన్నాళ్ల సెయ్యి నీది! పేస్టు కూడా సూసుకోనేదేటి మావా? ముసిలోడివైపోనావు."

"అయిపోనాను. కూకో."

పైడితల్లి ఏదో అనబోయి నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. విశాఖపట్నానికి ఫోన్ చేసి, ఈ సాయంత్రం బస్సు కాదు, ఉంచుకుంటానో రేపు పంపుతానో చెబుతానన్నారు విలియం గారు. ట్యూబులోంచి కొత్త పేస్టు పూసి, ఈసారి లైటు వేసుకుని, రెండు కళ్లతో చూసి బిగించారు. కొట్టులో ఫ్యాను కట్టేశారు. లడ్డూ తినే మావ మళ్లీ వచ్చాడు, ఈసారి ఎక్కడా తడబడలేదు. వేడి ఎనభై అయిదు దగ్గర ఆగింది. తొమ్మిది నిమిషాలకు పాట తయారైంది. బాబ్జీ కెమెరా తీసే రకం ఫైళ్లను విప్పే ఏర్పాటు ఐ ఫైవ్ లోపలే ఉందట. రైజెన్ తక్కువదేమీ కాదు, వేరే పనికైతే అదే మేలు కావచ్చు, ఈ పనికి మాత్రం ఇది అని ఆయన చెప్పారు.

డబ్బాకున్న అద్దం తలుపు మూసేముందు ఆయనే పైడితల్లిని అక్క వరసన పిలిచారు. "అప్పా, రండి. బొట్టు ఈ అద్దం మీద ఎట్టండి. అందరికీ కనపడుద్ది."

ఆమె భరిణె తీసి, వేలి కొసతో చిన్న బొట్టు పెట్టింది.

బాబ్జీ కంప్యూటర్ బాగా పనిచేసింది. కాని వాడికి నోరు ఆగదు. "విలియం మావ బల్ల కూడా తప్పు సెప్పింది" అని ఫోటోగ్రాఫర్ల గ్రూపులో పెట్టాడు. వాడు సరదాకే పెట్టాడు. అది కోటబొమ్మాళి దాకా పాకింది. తర్వాత వచ్చినవాళ్లు బల్ల ముందు కూర్చుని, "రెండుసార్లు ఏసి సూపించండి" అనడం మొదలుపెట్టారు. ఆయన కాదనకుండా రెండుసార్లూ వేసేవారు. కొందరు చూసుకుని, లేచి, షోరూముకి వెళ్లిపోయేవారు. చేయి వణుకుతోందని ఒకరు, చూపు తగ్గిందని ఒకరు అన్నారు. నిజం చెప్పేస్తే పోతుంది కదా అని ఒకరోజు నేను మెల్లగా అన్నాను. "ఆయమ్మ దండం ఎట్టుకుంది నిస్సమ్మా. సూసుకోనిది నాను" అన్నారు.

పనసపళ్లు ముగ్గుతున్న రోజుల్లో కోటబొమ్మాళి నుంచి వెంకటేష్ అనే ఫోటోగ్రాఫర్ వచ్చాడు. విలియం గారు కొత్త ప్రాసెసర్‌ను గూట్లో పెడుతున్నారు.

"మావా, పేస్టు జాగర్త. మందస సంగతి మాకు తెలుసు" అన్నాడు వెంకటేష్.

అదే సమయానికి బాబ్జీ గుమ్మంలో ఉన్నాడు, భుజం మీద పనసపండుతో. వెనకే పైడితల్లి. బాబ్జీ పగలబడి నవ్వాడు.

"నవ్వకండర్రా" అందామె. స్టూలు జరుపుకుని కూర్చుంది. "ఆ పేస్టు సెడగొట్టింది నాను. నీ ఎండి బిళ్ల మీద పసుపు బొట్టెట్టినాను. దాని మీద ఈ బాబు ఫ్యాను బిగించేసినాడు."

బాబ్జీ పండు దించడం మర్చిపోయాడు. "నువ్వా? మరి ఆ రోజే సెప్పొచ్చు కదేటి!"

"సెప్దామనే నోరు తెరిసినాను. తప్పు నాదే అనేసినాడు. ఆ మాట ఇన్నాక నాకు మాట రానేదు. పచ్చగుడ్డ నాను సూడనేదనుకున్నావేటి తమ్ముడా? ఇంటికాడ ఆ కంపూటర్ సూసినప్పుడల్లా నాకు సిగ్గేసీది."

"పోన్లే అప్పా. బిగించినోడు సూసుకోవాల కదా" అన్నారు విలియం గారు.

"ఏటి పోన్లే? ఒరే, ఊరంతా సెప్పినోడివి నువ్వే కదా. ఇప్పుడు ఇదీ సెప్పు. ఆ పోనులో రాయి."

బాబ్జీ పండు దింపి, బల్లకు ఆనుకుని గ్రూపులో రాశాడు. ఆమె ఊరుకోలేదు, పైకి చదవమంది. వాడు చదివాడు. 'బల్ల తప్పు సెప్పనేదు. మా అమ్మ బొట్టెట్టింది.' వెంకటేష్ ఫోన్ కూడా అప్పుడే మోగింది. అతను చూసుకుని, తన స్టూలు బల్లకు దగ్గరగా లాక్కున్నాడు.

విలియం గారు ఫ్యాను చేతిలోకి తీసుకున్నారు. బిగించకుండా, గూట్లో మెరుస్తున్న ప్రాసెసర్ కనిపించేలా బోర్డును లైటు వైపు తిప్పారు.

"సూడండి అప్పా, ఏటైనా ఉందా?"

పైడితల్లి కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, వంగి, దగ్గరగా చూసింది.

"ఏటీ నేదు. బిగించీ."