ఎవరు పోశారు?

లైను మేస్త్రీకి నీళ్ళు కనబడితే చాలు, "ఎవరు పోశారు?" అంటాడు. భోజనం దగ్గర భార్య గ్లాసు పెట్టినా అదే ప్రశ్న. ఒకసారి జ్వరం తగ్గి నుదుట చెమట పడితే డాక్టరు సంతోషించాడు. మేస్త్రీ ఆ చెమట వేలితో తుడిచి చూసుకుని, డాక్టరు వైపు అదోలా చూసి, "ఎవరు పోశారు?" అన్నాడు.

అలాంటి మనిషికి వాన కొలిచే డబ్బా అప్పగించారు మహానుభావులు. ఆ కొండ రైలు లైనులో వారానికి పది మిల్లీమీటర్ల వానైనా పడితేనే బొగ్గు ఇంజను కదలాలి. లేదంటే నిప్పురవ్వ ఎగిరి గట్టు మీది ఎండుగడ్డి అంటుకుంటుందని డీజిల్ ఇంజను తగిలిస్తారు. కొలత చూసి సంతకం పెట్టేది మేస్త్రీ. బొగ్గు ఇంజను నడిపేది ఆయన అక్క మొగుడు.

ఆ డ్రైవరుకి వచ్చే ఆదివారంతో ఉద్యోగం ఆఖరు. ముప్పై ఏళ్ళుగా "ఇవాళ కాదులే, ఇంకోసారి" అంటూ పెళ్ళాన్ని ఒక్కసారి కూడా ఆ బండి ఎక్కించలేదు. ఆఖరి రోజున ఎక్కిస్తానని మాటిచ్చాడు. మాటిచ్చి నెలైంది. ఆ నెల్లాళ్ళూ చినుకు లేదు.

"ఏరా, మబ్బు పట్టింది చూశావా?" అన్నాడు బుధవారం నాడు.

"పట్టిందా, పట్టినట్టు నటిస్తోందా?" అన్నాడు మేస్త్రీ.

"రేడియోలో వాన అన్నార్రా."

"అన్నవాడు గొడుగు తెచ్చుకున్నాడా, బావా?"

డ్రైవరుకి ఒళ్ళు మండింది. పైగా ఈమధ్య మేస్త్రీ వాలకం కూడా బాగాలేదు. మూడింటికి డ్యూటీ దిగగానే గోనెసంచి చంకన పెట్టుకుని లైను వెంబడి మాయమవుతున్నాడు. తిరిగొస్తే ప్యాంటు నిండా గడ్డిముళ్ళు. ఎక్కడికిరా అంటే "గాలికి" అంటాడు.

"ఎండుగడ్డి సంచిలో కుక్కి మేనేజరుకి చూపిస్తున్నాడే. నా ఆఖరి ట్రిప్పు చెడగొట్టాలని," అన్నాడు డ్రైవరు ఇంట్లో.

"మా తమ్ముడికి అనుమానమే గానీ చాడీలు తెలీవు," అందావిడ.

అనుమానం పెనుభూతమంటారు. ఆ భూతం ఇప్పుడు డ్రైవరుకీ పట్టింది. శనివారం ఎవరూ లేకుండా చూసి చెంబెడు నీళ్ళు డబ్బాలో పోసి, ఏమీ ఎరగనట్టు ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాడు.

ఆదివారం పొద్దున్నే మేస్త్రీ డబ్బా ముందు గొంతుక్కూర్చున్నాడు. లోపల పద్నాలుగు మిల్లీమీటర్లు. చుట్టూ నేల బీటలు వారి ఉంది. ఆ బీటల్లో చీమలు బారులు తీరి పోతున్నాయి.

"ఎవరు పోశారు?"

"వాన పడుంటుంది," అన్నాడు డ్రైవరు.

"డబ్బా ఎక్కడుందో చూసుకుని మరీ పడిందా, బావా?"

మేస్త్రీ నీళ్ళు పారబోసి కాగితం మీద సున్నా చుట్టాడు. డ్రైవరు తల తిప్పి చూశాడు. అవతల ప్లాట్‌ఫారం మీద భార్య కొత్త చీర కట్టుకుని నిలబడి ఉంది.

సున్నా కింద మేస్త్రీ ఇంకో రెండు ముక్కలు రాసి కాగితం చేతికిచ్చాడు. "గట్టుకి రెండు వైపులా గడ్డి కోయడమైనది. వెనక నీళ్ళ బండి తగిలించి బొగ్గు ఇంజను నడపవచ్చు." రూల్లో ఆ వెసులుబాటు ఉన్న సంగతి అందరికీ తెలుసు. నాలుగు కిలోమీటర్ల గడ్డి కోసే పిచ్చివాడు దొరక్క ఎవరూ దాని జోలికి పోలేదు.

డ్రైవరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. గోనెసంచిలోంచి కొడవలి పిడి బయటికి కనబడుతోంది. మేస్త్రీ అరచేతుల నిండా బొబ్బలు.

"ఎప్పట్నుంచి కోస్తున్నావురా?"

"నువ్వు అక్కకి మాటిచ్చిన మర్నాటి నుంచి. నేను వాననీ నమ్మను, నీ మాటనీ నమ్మను."

బండి కూత పెట్టి కదిలింది. అక్క కిటికీలోంచి తల బయటపెట్టి, కళ్ళలో మసి పడుతున్నా నవ్వుతూనే ఉంది. చివర నీళ్ళ బండి మీద మేస్త్రీ బకెట్టు పట్టుకుని, ఎగిరే ప్రతి రవ్వనీ దొంగని చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు.

కొండ మీది స్టేషన్లో అందరూ దిగేసరికి మేస్త్రీ బట్టతల మీద టప్పున ఓ చుక్క పడింది. వెంటనే ఇంకోటి. ఆయన తల తడుముకుని, ఆకాశంకేసి ఓ చూపు చూసి, నేరుగా బావ వైపు తిరిగాడు.

"ఎవరు పోశారు?"

"ఈసారి నేను కాదురా," అన్నాడు డ్రైవరు.