అమ్ము ఫారంలో పదిహేడో గడి

దోహాలో అల్ హిలాల్ పేట వాళ్ళందరికీ తెలిసిన సంగతే: రామకృష్ణారావుగారికి నిజం దాచడం చేతకాదు. అడిగితే చెప్పడం ఎవరైనా చేస్తారు. ఆయన అడక్కముందే చెప్పేస్తారు.

ఊరినుంచి వచ్చినప్పుడల్లా ఎయిర్‌పోర్టులో తిన్నగా కస్టమ్స్ బల్ల దగ్గరికెళ్ళి, "నాలుగు సీసాల ఆవకాయ సార్, ఒకటి కారుతోంది" అని ఒప్పుకుంటారు. ఆఫీసరు "యల్లా, యల్లా" అని తరిమేదాకా కదలరు. పాత కారు కొనడానికొచ్చిన హమీదుద్దీన్‌కి దాని రోగాలు పదకొండూ ఏకరువు పెట్టారు.

"సాబ్, గాడీ అమ్ముతున్నరా, కొనొద్దంటున్నరా?"

"చెప్పేస్తే పోలా!" అన్నారు రావుగారు. అది ఆయన ఊతపదం.

విందుకొచ్చినవాళ్ళు పులిహోర అద్భుతమన్నారు. "హోటల్ది" అన్నారాయన. భార్య ఇందిరాదేవిగారు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇలాంటి నాన్న ఉన్నాడు కాబట్టే అమ్ము దాచడం నేర్చుకుంది. డిగ్రీ రెండో ఏట స్నేహితురాలి వ్యాసం ఎత్తి రాసి పట్టుబడింది. కాలేజీవాళ్ళు సున్నా వేసి, రికార్డులోకి ఎక్కించారు. ఇంట్లో కిక్కురుమనలేదు. నాన్నకి చెబితే అల్ హిలాల్ మొత్తానికీ చెప్పినట్టే మరి.

ఆ తర్వాత మూడేళ్ళకి, హైదరాబాదులో లా కాలేజీకి దరఖాస్తు పెడుతోంది. లాయరై తీరాలని చిన్నప్పటినుంచీ పట్టు. ఫారంలో పదిహేడో గడి అడిగింది: గతంలో మీపై క్రమశిక్షణ చర్య ఏదైనా తీసుకున్నారా? తీసుకుంటే పత్రం జతచేయండి.

"లేదు" అని టిక్కు పెట్టింది. తీసేసింది. మళ్ళీ పెట్టింది. నిజం రాస్తే సీటు పోతుందేమో. అబద్ధం రాస్తే, నల్లకోటు వేసుకున్నాక కూడా ఈ గడిని తలుచుకుని రోజూ భయపడాలి. అలాంటి బతుకు తనకొద్దు. "ఉంది" అని పెట్టి, తిన్నగా హాల్లోకి వెళ్ళింది.

"నాన్నా, డిగ్రీలో నేను కాపీ కొట్టి దొరికిపోయాను."

రావుగారు లేచి, లోపలికెళ్ళి, కాలేజీవాళ్ళ ఉత్తరం తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. "జతచేయమంటారుగా. ఒరిజినల్, జాగ్రత్త."

"ఇది నీ దగ్గరెందుకుంది?"

"ఫీజు కట్టింది నేనే కదమ్మా. అప్పుడే నాకూ పంపారు."

ఇందిరాదేవిగారు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు. "మూడేళ్ళు నోరు మూసుకున్నారా? మీరా?"

"నా సంగతైతే చెప్పేసేవాణ్ణే. ఇది అమ్ముది. అదే చెప్పుకోవాలి." ఆయన కాస్త సిగ్గుపడ్డారు. "చాలా కష్టమైంది ఇందిరా. ఆ ఎసిడిటీ మాత్రలన్నీ అందుకే."

అమ్ముకి ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఒక్కసారిగా వాటేసుకుంది.

"ఉత్తరం నలుగుతోందే!"

వివరణలో అమ్ము "జ్వరం వల్ల" అని రాసింది. "జ్వరం ఆ తర్వాతి వారం కదమ్మా వచ్చింది?" అన్నారు రావుగారు. ఆ మాట కొట్టేసి, "బద్ధకం వల్ల" అని రాసి పంపేసింది.

ఇంటర్వ్యూలో అరగంటసేపు దాని గురించే అడిగారు. తప్పు నాదేనని తడబడకుండా చెప్పింది. సీటొచ్చింది.

శుక్రవారం అభినందించడానికొచ్చిన పక్కింటి తిరుపాలు, "ఇంటర్వ్యూలో ఏమడిగారండీ?" అన్నాడు.

రావుగారు నోరు తెరిచారు. అమ్ము వైపు చూసి మూసేశారు. మొహం ఎర్రబడింది, చెమటలు పట్టాయి. అమ్ముకి జాలేసింది.

"నేను కాపీ కొట్టిన సంగతి అడిగారంకుల్."

"నాలుగో సెమిస్టరండీ, మంగళవారం!" అంటూ రావుగారు సంబరంగా అందుకున్నారు.